మిల్లరు తిరుగుతుంటే రేటు అడగరు

ఇప్పుడు పొద్దున్నే నా ఫోను మోగదు. మోగినా గ్యాసు బండ వచ్చిందనో, ఎవరింట్లోనో నామకరణమనో చెబుతుంది. "ఈరోజు నుంచి రేటు మారింది" అనే గొంతు మాత్రం నా జీవితంలోంచి వెళ్లిపోయింది. హిందూపురంలో గుమాస్తాగా ఉన్నప్పుడూ, తర్వాత పెనుకొండలో సొంతంగా సిమెంటు, ఇనుము అంగడి నడిపినప్పుడూ ఆ గొంతుకు భయపడుతూనే నిద్ర లేచాను. అంగడి ఖాళీ చేసి షట్టరు తాళాలు ఓనరు చేతిలో పెట్టిన రోజు నేను దిగులు పడతానని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. బస్టాండు దగ్గర వేడివేడిగా దోసెలు తిని, ఇంటికొచ్చి, మధ్యాహ్నం దాకా నిద్రపోయాను. అంత హాయిగా పెళ్లయిన కొత్తలో కూడా పడుకోలేదు.

ఆమధ్య మా చెల్లెలి కొడుకు తలుపుల అనే ఊళ్లో సిమెంటు అంగడి పెడతానని వచ్చాడు.

"మామా, యా కంపెనీని పట్టుకుంటే బాగుంటాది?" అని అడిగాడు.

"కంపెనీని నువ్వేం పట్టుకుంటావురా, అదే నిన్ను పట్టుకుంటాది" అన్నాను.

వాడు నవ్వాడు. అది నవ్వే సంగతి కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. వాడి కోసమూ, వాడిలా ఈ వ్యాపారంలోకి దిగేవాళ్ల కోసమూ. జీఎస్టీ ఎట్లా కట్టాలి, లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి అనేవి ఇందులో ఉండవు. అవి చెప్పడానికి ఆడిటర్లు ఉన్నారు, ఫీజు కూడా తీసుకుంటారు. ఫీజు ఇచ్చినా ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి.

వేడి సంచి

ఏడో తరగతితో బడి మానేసి హిందూపురంలో నంజుండప్ప గారి అంగడిలో చేరాను. ఆ తర్వాతి చదువంతా అక్కడే. కన్నడ అక్షరాలు సంచుల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు కంపెనీ సర్క్యులర్లలో నేర్చుకున్నాను. కర్ణాటక సరిహద్దులోని అగళి వైపు నుంచి వచ్చేవాళ్లు కన్నడంలో బేరం మొదలుపెట్టి తెలుగులో తిట్టేవాళ్లు. రెండూ అర్థం చేసుకోవాల్సి వచ్చేది.

సిమెంటు కొనేవాడు ముందు ఏం చేస్తాడో తెలుసా? సంచి మీద అరచెయ్యి పెడతాడు. వేడిగా ఉంటే ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగిన సరుకు, చల్లగా ఉంటే పాతది అని లెక్క. మా వైపు ఈ నమ్మకం ఎంత గట్టిదంటే, సంచి మీద తయారైన వారం అచ్చు వేసి ఉన్నా దాన్ని ఎవరూ చదవరు. చెయ్యే నమ్ముతారు. అందుకని నంజుండప్ప గారు ముందు వరుస సంచులను పొద్దున్నే ఎండ తగిలేలా పేర్పించేవారు. పదకొండు దాటేసరికి అవి పెనంలా ఉండేవి.

"ఎండలో పెడితే యా సంచైనా కాలుతుంది గదా, ఇది మోసం కాదా సావుకారూ?" అని ఒకసారి అడిగాను.

"మోసమేముందిరా ఇందులో? లోపల సరుకు మంచిదే. దుడ్లు ఇచ్చేవాని నమ్మకం మాత్రం చల్లారనీకూడదు" అన్నారాయన.

ఆయన సరుకు నిజంగానే మంచిది. చెమ్మ తగిలి గడ్డ కట్టిన సంచిని ఒక్కదాన్ని కూడా అమ్మనిచ్చేవారు కాదు. అయినా ఆ మాట నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. తర్వాత కంపెనీలు కూడా అదే దారి పట్టాయి. మేస్త్రీలు ఆకుపచ్చ ఛాయతో నల్లగా ఉండే సిమెంటును గట్టిదంటారని తెలిసి రంగు మీద పోటీ పడ్డాయి. గోడల మీద పేర్లు రాయించే పోటీ. మేస్త్రీలకు గడియారాలు, కుక్కర్లు, తిరుపతి బస్సు టిక్కెట్లు ఇచ్చే పోటీ. అన్నిటా పోటీయే. ధర దగ్గరికి వచ్చేసరికి అందరూ అన్నదమ్ములు.

రేటు ఎక్కడ పుడుతుంది

పెనుకొండలో సొంత అంగడి పెట్టాక నాకు తెలిసిన మొదటి సంగతి, నా సరుకు నాకు ఎంతకు పడిందో నాకే తెలియదని.

చదువుకున్నవాళ్లు ఇది నమ్మరు. కంపెనీ బిల్లులో ఒక ధర ఉంటుంది. మేము అంతకంటే తక్కువకు అమ్ముతాం. కొన్నదాని కంటే తక్కువకు అమ్మి ఎట్లా బతికారు అంటారు. కంపెనీ కొన్ని నెలల తర్వాత డిస్కౌంటు పేరుతో కొంత వెనక్కి జమ చేస్తుంది. ఎంత జమ చేస్తుందో ముందు చెప్పదు. అది ఇంత వస్తుందిలే అని ఊహించుకుని, ఆ ఊహ మీద గిరాకీతో బేరం ఆడాలి. ఊహ తప్పితే నష్టం మాది. సరిపోతే, మరుసటి నెల అమ్మకం ఇంకొంచెం పెంచితేనే ఇస్తామని మెలిక పెడతారు.

ఆ డిస్కౌంటే ముకుతాడు. కంపెనీకి ఇష్టంలేని ధరకు అమ్మినా, కంపెనీకి ఇష్టంలేని ఊరికి అమ్మినా తాడు ఒక్కసారి గుంజితే చాలు, మనం ఆగిపోతాం.

ఒక కంపెనీ పొద్దున ధర పెంచితే సాయంత్రానికి అన్నీ పెంచేవి. బొగ్గు పెరిగిందనేవాళ్లు, డీజిల్ పెరిగిందనేవాళ్లు. బొగ్గు తగ్గిన రోజు ఫోను వచ్చేది కాదు. మా సేల్స్ ఆఫీసరుకు దీనికంతా ఒక మాట ఉండేది, 'మార్కెట్ కరెక్షన్' అని. ధర పెరిగినా కరెక్షనే, తగ్గినా కరెక్షనే. దిద్దుబాటు ఎప్పుడూ వాళ్లది, తప్పు ఎప్పుడూ మాది. ఇల్లు కట్టుకునేవాడు వచ్చి నన్ను దొంగా అనేవాడు. ఆఫీసరు పేరు వాడికి తెలియదు కదా.

మూడు బోర్డులు, ఒక గల్లా

పెనుకొండ దగ్గర పెద్ద ఫ్యాక్టరీ వస్తోందని తెలియగానే భూములున్నవాళ్లంతా అద్దె గదులు కట్టడం మొదలుపెట్టారు. వాళ్ల వెంటే సిమెంటు అంగళ్లు పుట్టుకొచ్చాయి. కట్టడాల వేడి చల్లారాక గదులు ఖాళీగా, అంగళ్లు నిండుగా మిగిలాయి. సరుకు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. చచ్చినట్టు ధర దిగింది. నిజమైన పోటీ అంటే ఏమిటో నేను చూసింది అప్పుడే. మాకు కష్టంగానే ఉండేది. కానీ ఇల్లు కట్టుకునేవాళ్ల మొహాలు బాగుండేవి.

ఉత్తరాన ధర్మవరంలో మాత్రం దిగలేదు. అక్కడ పెద్ద డీలరు ఓబులేసు. మూడు వీధుల్లో మూడు అంగళ్లు, మూడు పేర్లు, మూడు బోర్డులు. గల్లా ఒకటే, ఓబులేసుది. జనం మూడు చోట్లా అడిగి, తిరిగి, కాస్త తక్కువ చెప్పిన చోట కొని, బేరం గెలిచామనుకుని ఇంటికి పోయేవాళ్లు.

మా మూడు ఊళ్ల డీలర్లకు ఒక సంఘం ఉండేది. పైకి పండగ చందాలకూ, ఎవరైనా పోతే పూలదండకూ. లోపల సంగతి వేరు. ఎవడి ఊరు వాడిదే. హిందూపురం వాళ్లు పెనుకొండకు అమ్మకూడదు, పెనుకొండ వాళ్లు చెన్నేకొత్తపల్లి దాటి ధర్మవరం వైపు పంపకూడదు. దాటినవాడి పేరు కంపెనీకి చేరుతుంది, తాడు బిగుస్తుంది. సంఘానికి పెద్ద ఓబులేసే. ఇదంతా వ్యాపార మర్యాద అని చెప్పుకునేవాళ్లం. పంచుకు తినే దొంగలకు కూడా ఇలాంటి మర్యాదే ఉంటుంది.

సరోజమ్మ

ఒక వేసవి చివర, పెనుకొండలో బంధువుల ఇంటికి వచ్చిన ఒకామె మా అంగడి ముందు ఆగింది. భుజాన సంచి, చేతిలో మల్లెపూల పొట్లం.

"అన్నా, సిమెంటు ఎంత?"

చెప్పాను.

"ఇదే సంచి మా ఊర్లో అంత ఎక్కువేమన్నా? దావలో తిండి తింటాదా?"

"మీది యా ఊరమ్మా?"

"ధర్మవరం."

నేను నోరు మూసుకున్నాను. ఆమె మూసుకోలేదు. పేరు సరోజమ్మ. ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి ఆమెది, ఒకటి భర్తది. పాత మట్టి ఇల్లు కూలగొట్టి కొత్తది మొదలుపెట్టారు. మగ్గాలు రెండూ స్థలం మూలలో టార్పాలిన్ కింద ఉన్నాయి. పట్టు సావుకారిది, నేత వీళ్లది. పోగు తడిసి చెడితే నష్టం వీళ్ల మీదే పడుతుంది, మగ్గం ఆగితే పొయ్యీ ఆగుతుంది. గట్టి వానలు మొదలయ్యే లోపల కప్పు పడాలి. ఆమెకు కావలసింది అంతే.

"మూడంగళ్లు తిరిగినానన్నా. మూడోవాడు కొంచిం తగ్గిచ్చినాడు. సరే తీసుకుందామని కూచుంటే, లోపల్నుంచి మొదటంగట్లో చూసిన మనిషే టీ తాగుతా బయటికొచ్చినాడు. నన్ను చూసి మళ్లా లోపలికి పాయె."

నవ్వు ఆపుకోలేకపోయాను. అయినా చెప్పాల్సింది చెప్పాను. "ధర్మవరానికి మేం పంపేది లేదమ్మా. మాకొక కట్టుబాటు ఉండాది."

"కట్టుబాటా? ఆడపిల్లను ఇచ్చేదానికా, సిమెంటు అమ్మేదానికా?"

ఆమె పూల పొట్లం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా చీరకు మేం రేటు చెప్పలేమన్నా. నేసేది మేమైనా, కొనే సావుకారే చెప్తాడు. సరే, మేం అమ్ముకునేటోళ్లం గదా, పోనీలే అనుకుంటిమి. ఈడ కొనేది మేమే గదా? ఈడ అమ్మే సావుకారు చెప్తాండాడు. అమ్మినా ఆయప్పదే మాట, కొన్నా ఈయప్పదే మాట. మేం చెప్పే రేటు ఈ లోకంలో యాడన్నా ఉండాదా?"

ఎన్నో ఏళ్లుగా సంఘం మీటింగుల్లో నా గొంతు దాకా వచ్చి ఆగిన మాట అది. ఆమె మా అంగట్లో కూర్చుని సులువుగా అనేసింది.

"పంపేది లేదంటి గానీ, అమ్మేది లేదంటినా?" అన్నాను. "నువ్వే బండి తెచ్చుకో. కట్టుబాటు అంగడోనికి. కొనేవాళ్లకు లేదు."

"అట్ల చెప్పన్నా. చూసేదానికి మొద్దు మాదిరి ఉండావు గానీ తెలివైనోడివే" అని పూల పొట్లం తీసుకుని లేచింది.

తర్వాత ఆమె బంధువుల ట్రాక్టరు చాలాసార్లు వచ్చి వెళ్లింది. గోడలు లేచాయి. ఆమె మేస్త్రీ పేరు గోపాల్. ఓబులేసు అంగట్లో కొనిపిస్తే అతనికి సంచికి ఇంత అని ముట్టేది. అది పోయేసరికి కడుపు మండి సంగతి ఓబులేసు చెవిన వేశాడు. ఫోను వచ్చింది.

"ఏమప్పా పెనుకొండాయనా, చెన్నేకొత్తపల్లి దాటి వస్తాండావంట?"

"నేను యాడికీ రాలేదు. మీ ఊరి మనిషే వచ్చింది."

"సిమెంటు నడుచుకుంటా వచ్చిందా మా ఊరికి?"

"మీ రేటు చూసి మనుషులే ఈడికి పరిగెత్తొస్తాండారు."

అటువైపు నుంచి నవ్వు వినిపించింది. ఓబులేసు నవ్వాడంటే జాగ్రత్తపడాలని మా వ్యాపారంలో అందరికీ తెలుసు.

హమాలీ మిగిలింది, లోడు పోయింది

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఈ పని చేసేవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు ఇది.

ఫ్యాక్టరీ లారీ వస్తే సరుకు గోడౌనులో దించాలి, మళ్లీ ఎక్కించి ఇంటికి పంపాలి. హమాలీ కూలి రెండుసార్లు. మోతలో సంచులు పగులుతాయి కూడా. అందుకని పెద్ద సరుకైతే లారీని నేరుగా ఇల్లు కట్టే చోటికే పంపించమంటాం. డీలర్లందరికీ ఇది ఊపిరి పీల్చడమంత అలవాటు. ఆలోచించం. సరోజమ్మ కప్పుకు కావలసిన సరుకులో సగం ముందురోజు ట్రాక్టరులో వెళ్లింది. మిగతా సగానికి ఆర్డరు పెడుతూ, అదే అలవాటున, నేరుగా ఆమె వీధికే రమ్మన్నాను. ఆమెకు ఖర్చు తగ్గుతుందనే అనుకున్నాను. లారీ కదలాలంటే బిల్లులో సరుకు దిగే చోటు ఉండాలి. నా చేత్తో నేనే ధర్మవరం అడ్రసు చెప్పాను. ఓబులేసు వెతుకుతూ ఉన్న సాక్ష్యం కంపెనీ కంప్యూటరులో నేనే పెట్టాను.

మిల్లరు

కప్పు పోసే రోజు పొద్దున్నే నేనూ ధర్మవరం వెళ్లాను. కాంక్రీటు కలిపే మిల్లరు మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మొదటి బాండ్లీ కాంక్రీటు సరోజమ్మ చేత ఎత్తించారు. కూలీలు మెట్ల మీద వరసగా నిలబడి బాండ్లీలు అందుకోవడం మొదలుపెట్టారు. ఒక పక్క పొయ్యి మీద అందరికీ చిత్రాన్నం. ఆమె భర్త అంత గోలలోనూ టార్పాలిన్ కింద మగ్గం మీదే ఉన్నాడు. "ఆయప్ప అంతేన్నా, ఇల్లు కాలినా పట్టిన నేత పూర్తి చేసి గానీ లేయడు" అంది సరోజమ్మ.

లారీ కోసం వీధి చివర నిలబడ్డాను. లారీకి బదులు ఆఫీసరు ఫోను వచ్చింది.

"సార్, మీ లోడు హోల్డులో పెట్టాం. డెలివరీ అడ్రసు మీ ఏరియా కాదు."

"కప్పు పోస్తాండారు సార్. మిల్లరు తిరుగుతాంది."

"అది మా సబ్జెక్టు కాదు సార్. కంప్లయింట్ వచ్చింది. రేపు మాట్లాడుకుందాం."

ఆకాశం చూశాను. తెల్లవారుజామున లేని మబ్బు పడమట దట్టంగా కమ్ముకుంటోంది. వెనక్కి వచ్చి గోపాల్ మేస్త్రీకి, సరోజమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

మేస్త్రీ మొహం మాడిపోయింది. ఓబులేసుకు చెప్పింది అతనే. ఇది ఇంతదాకా వస్తుందని అతనూ అనుకోలేదు. "ఆపితే అతుకు పడతాదన్నా" అన్నాడు. "నడమ దూలం లేని హాలు ఇది, మగ్గాల కోసం కట్టింది. పోసింది ఆరిపోయినాంక దాని పక్కన కొత్తది పోస్తే రెండూ కలవవు. వానొచ్చిన దినమల్లా ఆ గీతెంబడే కారతాది. సరిగ్గా మగ్గాల నెత్తిన."

"ఎంత సేపు ఆగొచ్చు?" అన్నాను.

"ఉన్న సరుకును నిదానంగా నడిపిస్తా. అంచు ఆరనీకుండా చూసుకుంటా. మధ్యాన్నానికల్లా సంచులు రాల్ల."

సరోజమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. "అన్నా, పెనుకొండ నుంచి వచ్చేటప్పటికి కాదు గదా?" అని మాత్రం అంది. కాదు. నా గోడౌనులో ఉన్నవి చాలవు. ఎవరినైనా అడిగి, ఎక్కించి, తెచ్చేసరికి పొద్దు వాలుతుంది. మధ్యాహ్నంలోగా అంత సరుకు ఇవ్వగలిగినవాడు ఆ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు.

వెళ్లాను. ఓబులేసు అంగడి ముందు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"రాప్పా. సరిహద్దు దాటి వచ్చినావే, పాసుపోర్టు ఉండాదా?"

"ఎగతాళి తర్వాత చేద్దువులే. సంచులు కావల్ల."

"మా ఊరి రేటు తెలుసు గదా?"

"కొనేదానికి రాలేదు. చేబదులుకొచ్చినా."

పేపరు మడిచాడు.

ఈ మాట గురించి కొత్తవాళ్లకు చెప్పాలి. మా వ్యాపారంలో ఎవరు మొదలుపెట్టారో తెలియని వాడుక ఒకటి ఉంది. కప్పు పోస్తుండగా సరుకు చాలకపోతే, దగ్గరలో ఉన్న అంగడివాడు ఎవడైనా సరే ఇవ్వాలి. ఎదుటి అంగడివాడైనా, మాటల్లేని పగవాడైనా. తర్వాత సంచికి సంచి తిరిగి ఇచ్చేస్తారు. ఆ మధ్యలో ధర పెరిగినా తగ్గినా ఎత్తరు. ఇందులో ధర్మమేమీ లేదు, భయమే ఉంది. రేపు నా గిరాకీ కప్పు సగంలో ఆగవచ్చు. కారే ఇల్లు ఊళ్లో ఒకటి ఉంటే దాన్ని చూపించి అందరి సిమెంటునూ తిడతారు. భయంతో పుట్టినదే అయినా, మా వృత్తిలో నేను తలెత్తుకుని చెప్పుకోగలిగింది అదొక్కటే.

"నా కడుపు కొట్టి, మళ్లా నా కాడికే వస్తావా?" అన్నాడు ఓబులేసు.

"నీ కడుపుకేం, మూడంగళ్ల నిండా ఉండాదిలే. లోడు ఆపిచ్చింది నువ్వే గదా?"

"నేనే. కట్టుబాటు తప్పినావు, ఆపిచ్చినా. ఆయమ్మ కప్పు ఈ దినమే అని నాకెవరు చెప్పినారు?"

నిజంగా తెలియదో, తెలిసీ అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కుర్చీలోంచి లేచి వీధిలోకి వచ్చాడు. పడమటి మబ్బు చూశాడు.

"మిల్లరు తిరుగుతాండాదా?"

"తిరుగుతాండాది."

"యా కంపెనీది పోస్తాండారు?"

చెప్పాను.

"అదే ఉండాది" అని లోపలికి తిరిగి హమాలీలను కేకేశాడు. నా వైపు వేలు చూపించి, "రేపు సంఘంలో నిన్ను నిలబెట్టి కడుగుతా, చూస్తా ఉండు" అన్నాడు.

"రేపు ఎంతసేపైనా కడుగు. బండి మాత్రం ఇప్పుడు కదలనీ."

బండి ముందు సీట్లో అతనే కూర్చున్నాడు. బహుశా నన్ను నమ్మక. వీధిలో బండి మలుపు తిరగ్గానే మెట్ల మీది కూలీలు అరిచారు. గోపాల్ మేస్త్రీ ఓబులేసును చూసి, పోసిన కాంక్రీటులో లేని గరుకు వెదికి మరీ సరిచేస్తూ తల వంచుకున్నాడు. సరోజమ్మ చిత్రాన్నం ప్లేటు తెచ్చి ఓబులేసు చేతికిచ్చింది.

"సంచి ఎంత సావుకారూ?" అని అడిగింది. గొంతులో మర్యాద ఉంది, కళ్లలో లేదు.

"మిల్లరు తిరుగుతాంటే రేటు అడగరమ్మా."

"అట్లయితే దినామూ తిప్పుతానే ఉంటా."

కూలీలంతా ఘొల్లుమన్నారు. ఓబులేసుకు నోట్లో ముద్ద అడ్డం పడింది. అతను నీళ్ల కోసం చెయ్యి చాపడం, ఆమె చెంబు అందించడం చూస్తూ నేను కంకర కుప్ప మీద కూలబడ్డాను. అప్పుడు తెలిసింది, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నానని.

చివరి బాండ్లీ పడేసరికి వెలుగు ఇంకా ఉంది. మబ్బు ఊరు దాటి ఎక్కడో కురిసింది. గాలిలో వాసన మాత్రం వచ్చింది.

కడిగారు

మరుసటి వారం సంఘం నన్ను కడిగింది. ఓబులేసు మాట తప్పలేదు. సంఘం నుంచి తీసేశారు. కంపెనీ నా డిస్కౌంటు ఆపింది. నేనే ఆ కంపెనీ వదిలేసి, పేరు పెద్దగా లేని చిన్న కంపెనీ సరుకు తెచ్చుకున్నాను. చేబదులు సంచులు మాత్రం పాత కంపెనీవే కొని తిరిగి పంపాను. ఓబులేసు మనిషి దించుకుని, మారుమాట లేకుండా వెళ్లాడు.

ఓబులేసు మంచివాడని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప అతను ఏనాడూ ఎవరికీ పైసా వదల్లేదు. అయితే సరోజమ్మ నోరు ఊరికే ఉండేది కాదు. మగ్గాలున్న వీధులన్నిటా ఈ కథ తిరిగింది. ధర్మవరం ట్రాక్టర్లు నా అంగడికి వరసకట్టాయి. ఓబులేసు ధర దించక తప్పలేదు, మూడు బోర్డుల్లో ఒకటి తీసేశాడు. కొంతకాలం ఆ ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత నా చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. మళ్లీ పొద్దున్నే ఫోను, మళ్లీ కరెక్షను. మా వైపు పోటీ చిత్రావతిలో నీళ్ల లాంటిది. పారినన్నాళ్లే పారుతుంది. పారినప్పుడు పొలం తడుపుకోవాలి, ఏరు ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందని వరిమడి పెట్టుకోకూడదు.

మేనల్లుడికి చెప్పేది కూడా ఇంతే. కంపెనీ ఇస్తానన్న డిస్కౌంటును చేతికి వచ్చేదాకా లెక్కలో వేసుకోకు. సంఘంలో చేరితే చేరు, పూలదండకు చందా ఇవ్వు, ఊళ్లు పంచుకునే మాట వచ్చినప్పుడు లేచి బయటికి రా. ఎవరైనా చేబదులుకు వస్తే వాడి మొహం చూడకు, మబ్బు చూడు.

వాన రోజు

సెంట్రింగు విప్పి, ఇంట్లో చేరి, మగ్గాలు హాల్లో దించుకున్నాక ఆ ఏటి మొదటి పెద్ద వాన కురిసింది. నేను పనిమీద ధర్మవరంలోనే ఉన్నాను. పని వదిలేసి నేరుగా ఆ ఇంటికే పోయాను. గొడుగున్నా సగం తడిశాను. సరోజమ్మ తువ్వాలు ఇచ్చి, మగ్గాల మధ్య కుర్చీ వేసింది.

ఆమె భర్త మగ్గం మీదే ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు, చేతులు ఆపలేదు. బయట వాన కప్పును బాదుతోంది. నేను తుడుచుకుంటూ పైకప్పు ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చూశాను. మళ్లీ చూశాను.

"ఏం చూస్తాండావన్నా?"

"ఏం లేదమ్మా. ఊరికే."

"ఊరికే కాదులే. మేస్త్రీని అడిగి తెలుసుకున్యా, ఆ పొద్దు సంచులు చాలక నిదానించింది యాడని. సరిగ్గా ఆడే నీకు కుర్చీ ఏసినా. కారితే నీ మీదే కారల్ల."

టీ ఇచ్చింది. కుర్చీ జరుపుకోకుండా కూర్చుని తాగాను. వాన ఇంకా పెరిగింది. టీ అయిపోయింది. తువ్వాలుతో తుడుచుకున్న తల మళ్లీ తడవలేదు.